సముద్రం చూపించడం దండగేం కాదు

మారుమూల పల్లెల పేద పిల్లల కోసం సముద్రం ఒడ్డున సెలవు ఇళ్ళు నడపడం 'ఖరీదైన సరదా' అని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియాలో స్టాన్లీ డ్రమ్మండ్ అనే మెథడిస్ట్ పాస్టర్ 1924లో మొదలుపెట్టిన పని చూడండి. ఆయన ఉన్న కోబార్ ఊరు ఎండకీ దుమ్ముకీ పెట్టింది పేరు, సిడ్నీకి దాదాపు 700 కిలోమీటర్లు. అలాంటి చోట్ల పిల్లల్ని తీరానికి తెచ్చారు. పేరుకి సెలవే గానీ, అసలు లాభం కళ్ళు, పళ్ళు చూసే డాక్టర్లు అందుబాటులోకి రావడం. పిల్లలు ఊళ్ళోనే ఉంటే ఆ డాక్టర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? ఆయన పెట్టిన సంస్థ ఇప్పటికీ రాయల్ ఫార్ వెస్ట్ పేరుతో సిడ్నీ తీరంలోని మ్యాన్లీలో నడుస్తోంది. మాట సరిగా రాని పిల్లలకి వీడియో కాల్‌లో కూడా థెరపీ ఇస్తోంది.

ఇక సరదా సంగతి. మొదటిసారి సముద్రం చూసిన పిల్లలు చాలామంది వెంటనే నీళ్ళలోకి దిగరు. అల వెనక్కి పోగానే నాలుగడుగులు వేసి, అది మళ్ళీ రాగానే కెవ్వుమని పరిగెడతారు. ఎవరూ చూడకుండా వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటారు, నిజంగా ఉప్పగా ఉందా అని. దీనికి లెక్క కట్టమంటే నా వల్ల కాదు.

ఒక్క విషయంలో మాత్రం వ్యాసంతో ఏకీభవిస్తాను. మరీ చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపకూడదు. పగలంతా బాగానే ఉంటారు, చీకటి పడితే అమ్మ మీద బెంగ. తోడు వచ్చిన పెద్దవాళ్ళకి కూడా చోటు ఇవ్వాలి, ఖర్చు పెరిగినా సరే.