సైబర్ మోసాల చట్టం తెలుగులో చెప్పేవాళ్లే లేరా?

మా చిన్నాన్నది ఆమదాలవలస. కేవైసీ అని ఫోనొచ్చింది, ఓటీపీ చెప్పేశాడు, ధాన్యం అమ్మిన డబ్బులు పోయాయి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాం. తర్వాత "ఏ సెక్షన్రా ఇది? ఏటి శిక్ష?" అనడిగాడు. చెబుదామని ఇంటర్నెట్లో వెతుకుతూ కూర్చుంటే రాత్రి పన్నెండయింది.

ఏం దొరికింది? ఒకచోట ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలో 66ఎ, అంటే ఆన్‌లైన్లో అభ్యంతరకరమైన మాటలు పెడితే శిక్ష వేసే సెక్షన్, ఇంకా బతికే ఉంది! 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసిన సెక్షన్ అది. ఇన్నేళ్లయినా తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదా? ఇంకోచోట ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలట. 2024 జులై 1 నుంచి సాక్ష్య చట్టమే మారింది కదా, ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63! ఆ పాత ముక్క నమ్మి శ్రీకాకుళం కోర్టు మెట్లెక్కినవాడి గతేంటి?

చివరికి చిన్నాన్న అడిగిన సెక్షన్ దొరికింది, ఐటీ చట్టంలో 66డి. ఫోన్, కంప్యూటర్ ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చేస్తే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇంతే! ఐటీ చట్టం వచ్చింది 2000లో. ఈ రెండు ముక్కలు తేలిగ్గా దొరికేలా తెలుగులో పెట్టడానికి ఇంకా ఎన్నేళ్లు కావాలి?

చట్టం తెలీదంటే కోర్టు ఒప్పుకోదు. సరే, తెలుసుకునే దారేది? పీడీఎఫ్, అదీ ఇంగ్లీషు, అక్షరం పెద్దది చేస్తే లైను పక్కకి పోతుంది. 2023 డేటా రక్షణ చట్టం, మన వివరాలు వాడుకోడానికి సమ్మతి అడిగే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న తెలుగులాంటి భాషల్లోనూ చదువుకునే వీలుండాలంది. నోటీసుకున్న ఆ మర్యాద చట్టానికి అక్కర్లేదా?

పొద్దున్నే తెల్లకాగితం మీద తెలుగులో రాసి చిన్నాన్న చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.