శరత్కాలపు సలాడ్‌లో పులుపు ఏమైంది?

అక్టోబరు రెండో వారం దాటాక అమెరికాలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా బల్ల మీద ఒక పెద్ద చెక్క గిన్నె కనిపిస్తుంది. అడుగున ముదురాకుపచ్చ కేల్ ఆకు, దాని మీద ఓవెన్‌లో కాల్చిన గుమ్మడి ముక్కలు, యాపిల్ చీలికలు, ఎండు క్రాన్‌బెర్రీలు, పాకం పట్టిన పెకాన్ పప్పులు, అన్నిటి మీదా మేపుల్ సిరప్ కలిపిన డ్రెస్సింగ్. చూడముచ్చటగా ఉంటుంది. బయట చెట్ల మీద ఉన్న రంగులన్నీ గిన్నెలోకి దిగినట్టుంటుంది. మొదటి నాలుగు ముద్దలు బాగానే ఉంటాయి. ఐదో ముద్దకు నోరు మొద్దుబారుతుంది. భోజనం చేస్తున్నామా, మిఠాయి తింటున్నామా అన్న అనుమానం వస్తుంది.

ఇరవై ఏళ్లకు దగ్గరగా న్యూజెర్సీలో వండుకు తింటున్న మనిషిగా నా ఫిర్యాదు చిన్నదే. ఈ సలాడ్‌లో పులుపు లేదు. వేసవిలో టమాటా ఉంటుంది, పని అదే గట్టెక్కిస్తుంది. చలి మొదలయ్యాక పొలం నుంచి వచ్చేవి చాలావరకు తీపి సరుకులు. వాటికి జోడుగా పులుపును వెతికి తెచ్చుకోవాలి. ఆ శ్రమ మానేసి తీపి మీద తీపి పోస్తున్నారు.

బటర్‌నట్ గుమ్మడినే చూడండి. కోసిన రోజున అది చప్పగా ఉంటుంది. కొన్ని వారాలు నిల్వ పెడితే లోపలి పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ముక్కలు కోసి ఓవెన్‌లో పెడితే నీరు ఆవిరైపోయి ఉన్న తీపి చిక్కబడుతుంది, అంచులు ఎర్రబడి పాకం వాసన వేస్తాయి. చిలగడదుంప సంగతి ఇంకా విచిత్రం. దాంట్లో ఒక ఎంజైము ఉంది. దుంప లోపలి వేడి సుమారు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపు అది పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడుతూ ఉంటుంది. దుంప ఆ వేడిని ఎంత నిదానంగా దాటితే అంత తీపి. పొయ్యి నివురులో కప్పెట్టిన చిలగడదుంప ఎందుకంత తియ్యగా ఉండేదో, మైక్రోవేవ్‌లో ఐదు నిమిషాల్లో ఉడికించినది ఎందుకు తేలిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. చివరికి కేల్ ఆకు కూడా మంచు తగిలాక తియ్యబడుతుంది. గడ్డకట్టుకుపోకుండా ఉండటానికి ఆ మొక్క చక్కెర కూడబెట్టుకుంటుంది.

ఇంత తీపి ఉన్నచోట మేపుల్ సిరప్ ఎవరు అడిగారు? కాలం తెచ్చిన తీపి ఒకటి, బజారు తెచ్చిన తీపి ఒకటి. 1917లో మార్ష్‌మాలో అనే దూదిలాంటి మెత్తటి మిఠాయి చేసే ఒక కంపెనీ తన సరుకు చెల్లుబాటు కావడానికి వంటకాల పుస్తకం వేయించింది. చిలగడదుంప మీద మార్ష్‌మాలోలు పరిచి కాల్చే వంటకం అలా ఇంటింటికీ పాకింది. ఇప్పుడు నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ బల్ల మీద అది తాతల నాటి సంప్రదాయంలా కూర్చుంటుంది. చేదుకూ ఇదే గతి పట్టింది. బుల్లి క్యాబేజీల్లా ఉండే బ్రసెల్స్ స్ప్రౌట్స్‌లో చేదు ఎక్కడి నుంచి వస్తోందో 1990లలో డచ్చి శాస్త్రవేత్తలు కనిపెట్టాక, చేదు తక్కువున్న పాత వంగడాలను వెతికి సంకరం చేశారు. ఈ మార్పుకు మాత్రం నేను కన్నీళ్లు పెట్టను. ఆ పాత చేదు రుచి చూసినవాళ్లెవరూ పెట్టరు.

అసలు అన్యాయం జరిగింది క్రాన్‌బెర్రీకి. అది ఈ నేల పండు. సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారాల దాకా కోతలు సాగుతాయి. దేశం పంటలో సగానికి పైగా విస్కాన్సిన్‌దే అయినా మా న్యూజెర్సీలోని పైన్ బారెన్స్‌లోనూ పండుతుంది. మడుల్లో నీళ్లు నింపి, పళ్లను తీగల నుంచి విడగొడితే అవి తేలి మడి మొత్తం ఎర్రటి దుప్పటి కప్పుకున్నట్టవుతుంది. పచ్చి క్రాన్‌బెర్రీ 100 గ్రాముల్లో చక్కెర సుమారు 4 గ్రాములు. పొట్లాల్లో దొరికే తీపి ఎండు క్రాన్‌బెర్రీలో అది 70 గ్రాముల దాకా ఉంటుంది. పళ్ల నుంచి రసం తీసుకున్నాక మిగిలిన తొక్కలకు చక్కెర పాకం ఎక్కించి ఎండబెట్టడం ఈ పరిశ్రమలో మామూలే. సలాడ్‌లోకి పులుపు తేవలసిన పండు చక్కెర మూటయి కూర్చుంది.

సలాడ్‌లో పండు వేయడం ఈనాటిది కాదు. న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్ పేరు మీద వెలిసిన సలాడ్ 1890ల నాటిది. 1896లో అచ్చయిన వంటకంలో యాపిల్, సెలెరీ కాడ, మయొనేజ్, ఈ మూడే ఉన్నాయి. అక్రోటులు తరవాత చేరాయి. చక్కెర ఊసే లేదు.

తెలుగు వంటింట్లో ఈ చిక్కు ఎప్పుడో తేలిపోయింది. దప్పళంలో ఏం వేస్తాం? గుమ్మడి, చిలగడదుంప, ఆనపకాయ, ములక్కాడ. సగం తీపి కూరలే. పైగా బెల్లం ముక్క కూడా పడుతుంది. అయినా దప్పళాన్ని ఎవరూ తీపి వంటకమనరు. చింతపండు ముందు నడుస్తుంటే ఆ తీపి దాని వెనకాలే వస్తుంది. ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్లు పచ్చి క్రాన్‌బెర్రీని చూడగానే వాక్కాయ అనుకున్నారు. పప్పులో వేశారు. కారం, ఆవపిండి, మెంతిపిండి కలిపి పచ్చడి పెట్టారు. నవంబరులో సంచులకొద్దీ కొని ఫ్రీజర్‌లో దాచుకునే ఇళ్లు నాకు చాలా తెలుసు. అదే ఇంట్లో సలాడ్ చేయాల్సి వస్తే మాత్రం తీపి క్రాన్‌బెర్రీల పొట్లం చింపుతారు! పప్పు దగ్గర పనిచేసిన తెలివి సలాడ్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మొహమాటపడుతుందో నాకు అర్థం కాదు. పొరుగువారి వంటకాన్ని వాళ్లు చేసినట్టే చేయాలన్న మర్యాద కావచ్చు. ఆ మర్యాద గిన్నెలో సగం మిగిలిపోతుంది.

నేను చేసేది ఇలా. నలుగురికైతే ఒక కిలో బటర్‌నట్ గుమ్మడి, అంగుళం ముక్కలుగా. రెండు పెద్ద చెంచాల నూనె, ఉప్పు, మిరియాల పొడి పట్టించి 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో పెడతాను. ముక్కకూ ముక్కకూ మధ్య ఎడం ఉండాలి. ట్రే కిక్కిరిసిపోతే ముక్కలు తమ ఆవిరికి తామే ఉడికి మెత్తబడతాయి తప్ప కాలవు. ఒక ట్రేలో పట్టకపోతే రెండో ట్రే తీయాలి. నేను తిన్న చెడ్డ సలాడ్‌లలో సగానికి ఈ ఒక్క బద్ధకమే కారణం. అరగంటకు ముక్కల అడుగు ఎర్రబడుతుంది. అప్పుడు గుప్పెడు పచ్చి క్రాన్‌బెర్రీలు జల్లి మరో ఎనిమిది పది నిమిషాలు ఉంచితే అవి చిట్లి, ఆ రసం గుమ్మడికి అంటుకుంటుంది. పులుపు అక్కడే, ట్రేలోనే మొదలవుతుంది.

కేల్ ఆకు మధ్య ఈనె తీసేసి, సన్నగా తరిగి, ఉప్పూ నిమ్మరసమూ వేసి రెండు నిమిషాలు చేత్తో గట్టిగా పిసకాలి. సగానికి దిగి, నమలడానికి లొంగుతుంది. యాపిల్ గ్రానీ స్మిత్ లాంటి పుల్లటిదై ఉండాలి. 1991లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం విడుదల చేసిన హనీక్రిస్ప్ కరకరలాడటంలో సాటిలేనిదే. తినడానికి నేనూ అదే కొంటాను. ఈ గిన్నెలోకి మాత్రం రానివ్వను. పెకాన్‌లకు పాకం అక్కర్లేదు, ఉప్పూ కాస్త కారమూ చల్లి వేయిస్తే చాలు. మూడు వంతుల నూనెకు ఒక వంతు వెనిగర్ అన్న ఫ్రెంచి లెక్క లేత ఆకులకు సరిపోతుంది. కాల్చిన గుమ్మడి పులుపును పీల్చేసుకుంటుంది కాబట్టి ఇక్కడ నూనె, వెనిగర్ సమానంగా తీసుకుని, ఒక చెంచా ఆవముద్ద కలిపి గిలకొట్టి, ముక్కలు వేడిగా ఉన్నప్పుడే పోస్తాను. చల్లారాక పోస్తే అది పైపైనే జారిపోతుంది.

ఇంతవరకూ చేస్తే రుచి కుదురుతుంది కానీ కడుపు నిండదు. దానికి శనగలు కావాలి. దసరా రోజుల్లో బొమ్మల కొలువు పేరంటాలకు నాలుగిళ్లు తిరిగొచ్చాక ఫ్రిజ్‌లో శనగల గుగ్గిళ్ల డబ్బాలు పేరుకుంటాయి. పోపూ కరివేపాకూ కొబ్బరీ అన్నీ ఉన్నవే. వాటిని ఈ సలాడ్‌లో కలిపాక ఇంట్లో ఇంకెవరూ రాత్రికి అన్నం ఏదని అడగలేదు. మా పెద్దమ్మాయి మాత్రం కొబ్బరి ఏరి పక్కన పెడుతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదివేవారు బటర్‌నట్ కోసం సూపర్ మార్కెట్‌లో డబ్బు పోయనక్కర్లేదు. మన తీపి గుమ్మడి చాలు, అది కూడా ఓవెన్ లేకపోతే దళసరి పెనం మీద. యాపిల్ బదులు దోరజామ పనికొస్తుంది. కార్తీకంలో ఉసిరికాయ తురిమి వేసుకుంటే క్రాన్‌బెర్రీ గుర్తుకే రాదు. సీతాఫలాన్ని మాత్రం దాని మానాన వదిలేయాలి. గింజలు ఊసుకుంటూ కూర్చుని తినవలసిన పండును ఆకుల్లో కలపడం ఎవరికీ సుఖం కాదు.

మా పెరట్లో ఇంకో పులుపు ఉంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో వేసవి అంతా గోంగూర పెంచుతారు. అది మంచుకు ఆగదు. ఒక్క చలి రాత్రి పడితే తెల్లారేసరికి మొక్కంతా నల్లగా వాడిపోతుంది. అందుకే అక్టోబరులో చివరి కోత పెద్ద హడావుడి. ముదురాకు పచ్చడికి పోగా, కొనల్లోని లేతాకును సన్నగా తరిగి కేల్‌లో కలుపుతున్నాను. వెనిగర్ సగానికి తగ్గించాల్సి వచ్చింది. మూడు మొక్కలు మిగిలాయి. శుక్రవారం రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగుతుందని ఫోను చెబుతోంది. గురువారం సాయంత్రం టార్చిలైటు వేసుకుని అయినా కోసేయాలి.