పదో తరగతిపై ఉన్న శ్రద్ధ మూడో తరగతిపై ఎప్పుడు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠశాల విద్యలో లెక్కలకు కొదవ లేదు. పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం, కోడిగుడ్ల నిల్వ, మరుగుదొడ్ల శుభ్రత, పుస్తకాల పంపిణీ, పరీక్షల మార్కులు ఏదో ఒక యాప్ ద్వారా ప్రతి ప్రభుత్వ బడి నుంచి పైకి వెళుతూనే ఉంటాయి. దేశంలోని బడుల వివరాలు సేకరించేందుకు 2018-19లో మొదలైన యూడైస్ ప్లస్‌లో 2022-23 నుంచి ఒక్కొక్క విద్యార్థి పేరునా వివరాలు నమోదవుతున్నాయి. ఈ సమాచారమంతా బడి నుంచి మండలానికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్ర కార్యాలయానికి చేరుతుంది. అయితే దాన్ని చూసి తీసుకున్న ఒక నిర్ణయం అదే దారిన వెనక్కి వచ్చి, ఫలానా తరగతిలో ఫలానా పాపకు రేపటి నుంచి ఏం చేయాలో చెప్పడం చాలా అరుదు.

ఇందుకు ఒక్క పదో తరగతి మినహాయింపు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది. వెనుకబడిన విద్యార్థుల పేర్లతో జాబితా తయారవుతుంది, ఎవరు ఏ సబ్జెక్టులో తప్పేలా ఉన్నారో తేలుతుంది, ఒక్కో ఉపాధ్యాయుడు కొందరు పిల్లలను దత్తత తీసుకుంటాడు, స్లిప్ టెస్టు పేపర్లు వెంటనే దిద్దుతారు, రెండు రోజులు బడికి రాని పిల్లవాడి ఇంటికి కబురు వెళుతుంది. సమాచారాన్ని చూసి పని మార్చుకోవడమంటే ఇదే. ఈ రెండు జిల్లాల నుంచి 2022లో విడివడిన పార్వతీపురం మన్యం జిల్లా 2023 నుంచి 2025 వరకు వరుసగా మూడేళ్లు పదో తరగతి ఉత్తీర్ణతలో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. 2024లో రెండో స్థానం శ్రీకాకుళానిది. 2011 జనగణనలో శ్రీకాకుళం అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం అక్షరాస్యత 58.89 శాతం మాత్రమేనని గుర్తుచేసుకుంటే ఈ ఫలితాల వెనుక ఎంత శ్రమ ఉందో తెలుస్తుంది. కాబట్టి ఇక్కడి ఉపాధ్యాయులకు సమాచారాన్ని వాడుకోవడం రాదన్న మాటను నేను ఒప్పుకోను. ఆ పద్ధతి ఒక్క తరగతికే, అదీ చివరి వంద రోజులకే ఎందుకు పరిమితమైందన్నదే నా ప్రశ్న.

పదో తరగతి ఫలితం పత్రికల్లో వస్తుంది, జిల్లాలకు ర్యాంకులు పడతాయి. మూడో తరగతి పిల్ల తెలుగు వాక్యం చదవలేకపోతే అది ఎవరికీ వార్త కాదు. ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు స్థాయిని పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో ఇది 16.3 శాతం కాబట్టి మెరుగుదల నిజమే, కానీ మిగిలిన దాదాపు డెబ్బయి ఏడు శాతం మంది నాలుగో తరగతికి, ఐదుకు, ఆరుకు అలాగే వెళ్లిపోతున్నారు. పదో తరగతిలో మనం తయారుచేసే వెనుకబడినవారి జాబితాలోని చాలా పేర్లను ఏడేళ్ల ముందే రాసి ఉండవచ్చు. అందుకు పెద్ద పరీక్ష కూడా అక్కరలేదు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అన్న వరుసలో ఒక్కొక్కరి చేత చదివిస్తే పిల్ల ఎక్కడ ఆగిందో కొద్ది నిమిషాల్లోనే ఉపాధ్యాయుడికి తెలిసిపోతుంది.

తెలియడంతోనే పని పూర్తికాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన ఒక అధ్యయనం ఈ విషయంలో గట్టి హెచ్చరిక చేసింది. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనుకబడ్డారో ఉపాధ్యాయులకు వివరంగా నివేదిక ఇచ్చి, అప్పుడప్పుడు తరగతి గదిని పరిశీలించి చూశారు. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ బడుల్లో బోధన చురుగ్గా కనిపించింది, కానీ ఏడాది చివర పరీక్షలో మాత్రం ఆ పిల్లలు నివేదికలు అందని బడుల పిల్లల కంటే ఏమీ మెరుగ్గా లేరు. 2010లో వెలువడిన ఆ ఫలితాన్ని డ్యాష్‌బోర్డులు తయారుచేయించే ప్రతి అధికారీ చదవాలని నా కోరిక. నివేదిక చేతికిచ్చినంత మాత్రాన ఐదు తరగతులను ఒక్కరే నడిపే ఏకోపాధ్యాయ బడిలో సమయం పెరగదు. పిల్లలను తరగతి వారీగా కాక చదవగలిగిన స్థాయిని బట్టి రోజూ ఒక గంట కూర్చోబెట్టే స్వేచ్ఛ, అందుకు తగిన సామగ్రి, వారానికోసారి వచ్చి పక్కన కూర్చుని పాఠం చెప్పి చూపించే క్లస్టర్ సంచార ఉపాధ్యాయుడు, అంటే సీఆర్‌ఎంటీ ఉండాలి. నేడు సీఆర్‌ఎంటీల సమయంలో ఎంతో భాగం నివేదికలు రాబట్టడానికే పోతోంది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలదీ దాదాపు అదే పరిస్థితి. ఆ సమావేశంలో సగం సమయం ఒకే ప్రశ్నకు, అంటే పదాల దగ్గర ఆగిపోయిన పిల్లలను వాక్యాల దాకా తెచ్చిన వారు ఏం చేశారన్న దానికి, కేటాయించి, ఆ చర్చకు వమరవల్లిలోని జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్) అధ్యాపకులను పిలిస్తే శిక్షణ సంస్థకూ బడికీ మధ్య ఉన్న దూరం కొంతైనా తగ్గుతుంది.

అన్నిటికంటే కష్టమైనది నిజం రాయనివ్వడం. టెలీకాన్ఫరెన్సులో అట్టడుగున ఉన్న మండలాల పేర్లు చదివి, మరునాడు మెమోలు పంపే చోట ఏ ప్రధానోపాధ్యాయుడూ తక్కువ అంకె వేయడు. మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్షల తర్వాత పరిశోధకులు అవే బడుల్లో మళ్లీ పరీక్ష పెట్టి చూస్తే, ప్రభుత్వ రికార్డుల్లోని మార్కులు పిల్లల అసలు స్థాయి కంటే ఎంతో ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అక్కడి ఉపాధ్యాయులు మనవారి కంటే చెడ్డవారేమీ కాదు. అంకెకు శిక్ష ముడిపడితే ఎక్కడైనా ఇదే జరుగుతుంది. డబ్బు ముడిపడినా అంతే. అమ్మ ఒడికి 75 శాతం హాజరు నిబంధన పెట్టినప్పుడు, అంతవరకు పిల్లవాడు బడికి వచ్చాడో లేదో మాత్రమే చెప్పిన హాజరు పట్టీ ఆ తల్లికి డబ్బు అందుతుందో లేదో తేల్చే పత్రంగా కూడా మారింది. రాని పిల్లవాడికి గైర్హాజరు వేయాల్సిన ఉపాధ్యాయుడిపై పడే ఒత్తిడి ఎలాంటిదో ఊళ్లో ఉన్నవారికి తెలుసు. చదువు స్థాయిని కొలిచే లెక్కను ప్రోత్సాహకాలకూ క్రమశిక్షణ చర్యలకూ పూర్తిగా దూరంగా ఉంచి, తక్కువ స్థాయి చూపిన బడికి ముందుగా అదనపు సాయం పంపుతామని కలెక్టర్ స్థాయిలో ప్రకటించి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

జిల్లాల సగటులను పోల్చేటప్పుడూ జాగ్రత్త కావాలి. పిల్లల చదువు స్థాయిని కొలిచే జాతీయ సాధన సర్వే 2021 నవంబరులో జరిగింది, అలాంటిదే అయిన పరఖ్ సర్వే 2024 డిసెంబరులో జరిగింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి విజయనగరం ముందుకు వెళ్లిందనో వెనక్కి పోయిందనో చెప్పడం తప్పు, ఎందుకంటే 2022 ఏప్రిల్ 4న జిల్లా స్వరూపమే మారింది. కురుపాం, సాలూరు ప్రాంతాలు మన్యం జిల్లాకు వెళ్లాయి, శ్రీకాకుళం నుంచి రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు వచ్చి చేరాయి. శ్రీకాకుళం సీతంపేట, భామిని వంటి ఏజెన్సీ మండలాలను వదులుకుంది. పైగా మొదటి సర్వే 3, 5, 8, 10 తరగతులకు జరిగితే, రెండోది 3, 6, 9 తరగతులకు జరిగింది. పోల్చాలంటే ఒకే మండలాన్ని, ఒకే బడిని ఏడాదికేడాది దానితోనే పోల్చుకోవాలి.

సగటులో కనిపించని పిల్లలు ఇక్కడ ఎక్కువ. ఎచ్చెర్ల, గార, పూసపాటిరేగ తీరాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్లేవారు, లోపలి మండలాల నుంచి హైదరాబాద్, చెన్నై నగరాలకు నిర్మాణ పనులకు వెళ్లేవారు ఉన్నారు. వారి పిల్లలు కొందరు అమ్మమ్మ దగ్గర ఉంటారు, కొందరు వెంట వెళ్లి నెలల తర్వాత తిరిగివస్తారు. యూడైస్‌లో పేరు, ఒక బడి వదిలి మరో బడిలో చేరనివారి జాబితా అయిన డ్రాప్‌బాక్స్‌లో పడితే అది లెక్కలు సరిచేయాల్సిన సమస్యగానే మనకు కనిపిస్తోంది. ఏ ఊళ్లో, ఏ నెలలో, ఎంతమంది పిల్లలు కదులుతున్నారో మూడేళ్ల హాజరు పట్టీలు తిరగేస్తే తెలిసిపోతుంది. సీజనల్ హాస్టల్ ఎక్కడ, ఎప్పుడు తెరవాలో అవే చెబుతాయి. భాష సంగతీ అంతే. మందస, మెళియాపుట్టి కొండ గూడేల్లో సవర మాట్లాడే పాప, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే బాబు తెలుగు పేరా దగ్గర తడబడితే దాన్ని మందబుద్ధి అని రాసుకోవడం అన్యాయం. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని శతాబ్దానికి పైగా క్రితమే పూనుకున్నారు. విద్యార్థి రికార్డులో మాతృభాష నమోదు ఇప్పటికే ఉంది. చదువు స్థాయి వివరాలను దాని పక్కన పెట్టి చూస్తే, ఏ బడికి సవర లేదా ఒడియా తెలిసిన ఉపాధ్యాయుణ్ని పంపాలో బదిలీల సమయంలోనే నిర్ణయించవచ్చు.

తల్లిదండ్రులను కూడా ఇందులోకి తీసుకురావాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా బడుల్లో జరిగిన తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలకు పెద్ద సంఖ్యలో వచ్చిన తల్లులు తమ పిల్లల ప్రగతి పత్రాలు చూసుకున్నారు. అందులోని గ్రేడు చదువురాని తల్లికి ఏం చెబుతుంది? జూలైలో మీ పాప విడి అక్షరాలు చదివేది, ఇప్పుడు చిన్న వాక్యం చదువుతోంది, కావాలంటే మీ ముందే చదివిస్తానని ఉపాధ్యాయుడు అంటే ఆమెకు అర్థమవుతుంది, తర్వాతి సమావేశంలో ఆమే అడుగుతుంది. ఇందుకు కొత్త యాప్ గానీ కొత్త జీవో గానీ అవసరం లేదు. జూన్‌లో బడులు తెరిచిన మొదటి నెలలోనే గారలోనో గంట్యాడలోనో ఒక మండలం మొత్తం మూడో తరగతి పిల్లల పేర్లు, వారు ఆగిన చోటు ఒక నోటుపుస్తకంలో రాసి, పదో తరగతి పిల్లలను దత్తత ఇచ్చినట్టే వీరినీ ఉపాధ్యాయులకు అప్పగించి, జిల్లా విద్యాశాఖాధికారి నెలనెలా జరిపే సమీక్షలో మొదటి అంశంగా ఆ పుస్తకాన్నే తెరవవచ్చు.