పీరింగ్ ఒప్పందం గారికి, నల్లగొండ నుంచి

శ్రీ పీరింగ్ ఒప్పందం గారికి,

నల్లగొండ క్లాక్ టవర్ వెనక సందులోంచి, నెలనెలా ఇంటర్నెట్ బిల్లు కట్టేవాడు రాయునది ఏమనగా, రెండు ఇంటర్నెట్ కంపెనీలు ఒకదాని ట్రాఫిక్ ఒకటి మోసుకునేందుకు చేసుకునే ఒడంబడిక మీరేనట, మీరెవరో మా గల్లీలో ఎవరికీ తెలియదు కానీ మా నెట్ జుట్టు మీ చేతిలో ఉందట.

మా అమ్మాయి అడ్మిషన్ కోసం ఒక విదేశీ యూనివర్సిటీ సైటు తెరవాలి. యూట్యూబ్ ఆడుతోంది, వాట్సాప్ మోగుతోంది, ఆ ఒక్క సైటు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే టక్కున తెరుచుకుంది. కంప్లైంట్ ఇస్తే వచ్చిన పిల్లగాడు డబ్బా మీద లైట్లు చూసి, స్పీడ్ టెస్ట్ కొట్టి "వంద వస్తుంది గద సార్, లైన్ మంచిగనే ఉంది" అన్నాడు. ఆ టెస్ట్ సర్వరూ వాళ్ల కంపెనీదే, ఇక రాకేం చేస్తుంది! మన డేటా ఏ దారిన పోతుందో చూపే ట్రేస్‌రూట్ కొట్టి చూస్తే హైదరాబాద్ దాటింది, ముంబై దాటింది, ఆ తర్వాత వరసకీ చుక్క గుర్తులే, అంటే అవతల నుంచి జవాబే లేదు.

అప్పుడు మీ చరిత్ర తవ్వాను. రెండు నెట్‌వర్క్‌లు "నీ ట్రాఫిక్ నేను తీసుకుంటా, నాది నువ్వు తీసుకో" అని పైసా లేకుండా కలుస్తాయి, తర్వాత ఒకరిది ఎక్కువైందని రెండోవారు డబ్బులడుగుతారు, మాట తెగితే తీగ తెగుతుంది. 2005లో లెవెల్ 3, కోజెంట్ అనే రెండు అమెరికా నెట్‌వర్క్ కంపెనీలు ఇలాగే తెగదెంపులు చేసుకున్నాయి. 2008లో స్ప్రింట్, కోజెంట్. వియ్యంకులు అలిగితే బంతిలో కూర్చున్నోళ్లకి అన్నం ఆగినట్టు, ఏదో ఒక్క కంపెనీ కనెక్షనే ఉన్నవాళ్లకి అవతలివాళ్లు కనిపించకుండా పోయారు. 2009లో హరికేన్ ఎలక్ట్రిక్ అనే ఇంకో నెట్‌వర్క్ వాళ్లయితే ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రసుల పద్ధతి) పీరింగ్ ఇవ్వమని బతిమాలుతూ కోజెంట్ కోసం కేక్ చేయించారు. అందరూ కేక్ తిన్నారు, పీరింగ్ మాత్రం ఇవ్వలేదు.

మరి మాకు అమ్మింది "ఇంటర్నెట్" కదా అని షరతుల కాగితం చదివితే, హామీ వాళ్ల సొంత నెట్‌వర్క్ గట్టు దాకేనట, అవతల దేవుడి దయ. అన్‌లిమిటెడ్ అన్న ముక్క మాత్రం ఫ్లెక్సీలో మనిషంత ఉంది.

కాబట్టి అయ్యా, మీరు కొట్లాడుకోండి, మేం వద్దనం. కానీ ఈ నెల ఏ నెట్‌వర్క్‌తో మాటల్లేవో బిల్లు మీద ముందే అచ్చేయించండి. అందని ఇంటర్నెట్ మీద కూడా 18 శాతం జీఎస్టీ ఎందుకు కడుతున్నామో ఆ కింద ఇంకో లైను రాయించండి.

ఇట్లు,
హాట్‌స్పాట్ మీద బతుకుతున్న మీ బ్రాడ్‌బ్యాండ్ కస్టమర్