పర్యావరణ దినోత్సవపు ఫ్లెక్సీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి సముఖమునకు,

వృక్షశాస్త్ర విభాగంలో పాఠాలు చెప్పుకుంటూ, ‘కార్యక్రమాల సమన్వయకర్త’ అనే అదనపు హోదాను ఉచితంగా మోస్తున్న ఒక అధ్యాపకుడు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఉభయులలో తమరు కుశలమేనని చూస్తూనే ఉన్నాను; మా మొక్కల సంగతి తరువాత మనవి చేస్తాను.

రాబోయే ఏడాదికి మా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరగవలసిన విజ్ఞాన, పర్యావరణ కార్యక్రమాల పట్టిక నిన్న నా బల్ల మీదికి వచ్చింది. జూన్ 5న పర్యావరణ దినోత్సవం, జులై మొదటి వారంలో వనమహోత్సవం, ఆగస్టు 23న అంతరిక్ష దినోత్సవం, సెప్టెంబరు 16న ఓజోన్ దినోత్సవం, అక్టోబరు 2 నుంచి వన్యప్రాణి వారోత్సవాలు, డిసెంబరు 14న ఇంధన పొదుపు దినం, ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినం, 28న సైన్సు దినోత్సవం, మార్చి 22న జల దినోత్సవం, ఏప్రిల్ 22న ధరిత్రీ దినోత్సవం. వక్త పేరు రాయవలసిన గడి ప్రతి వరుసలోనూ ఖాళీగా ఉంది. తమరి కొలతల గడి మాత్రం పది వరుసల్లోనూ నిండి ఉంది: 12 అడుగులకు 8 అడుగులు.

అది చూశాక నాకు తత్వం బోధపడింది. కార్యక్రమం కోసం తమరిని కట్టిస్తున్నామని ఇన్నేళ్లూ భ్రమపడ్డాను. తమరిని కట్టడం కోసమే కార్యక్రమం పెట్టుకుంటున్నాము. ఒక ఏడాది నర్సరీ నుంచి మొక్కలు సమయానికి రాలేదు. పెద్దలందరూ ఖాళీ గుంత చుట్టూ నిలబడి, పార చేతపట్టి, ఫొటో దిగి, పది నిమిషాల్లో ముగించి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది మొక్కలు వచ్చాయి గాని, కరెంటు పోయి తమరి ముద్రణ ఆలస్యమైంది. అప్పుడు అదే పెద్దలు నల్ల సంచిలోని మొక్కను చేత పట్టుకుని గంటన్నర ఎండలో నిరీక్షించారు. అంత ఓపిక మా పరిశోధక విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల మీద చూపి ఉంటే ఎందరో ఈపాటికి డాక్టర్లయ్యేవారు.

ఎండ అన్నాను కనుక ఆ ముచ్చట కూడా చెప్పుకోనివ్వండి. 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సు మొదలైన రోజు జూన్ 5 కావడం వల్ల, మరుసటి ఏడాది నుంచి లోకమంతా ఆ తేదీనే ఈ పండుగ చేసుకుంటోంది. స్వీడన్‌లో అది హాయిగా ఉండే కాలం. మనకు రోహిణి కార్తె అప్పటికింకా దిగిపోదు. రోళ్లు పగిలే ఎండలని పెద్దలు ఊరికే అనలేదు. రెండు మూడు రోజులు ఆగితే మృగశిర ప్రవేశిస్తుంది, ఆ తరువాత నాలుగు చినుకులు పడతాయి, అప్పుడు నాటిన కానుగ మొక్క బతికి బట్టకడుతుంది. ఈ మాట ఒకసారి సమావేశంలో భయం భయంగా అన్నాను. “ఫ్లెక్సీ మీద తేదీ పడిపోయింది కదండీ” అన్నారు. తమరి మీద అచ్చయిన తేదీని నైరుతి ఋతుపవనాలు కూడా మార్చలేవని ఆనాడు తెలుసుకున్నాను. పరిపాలనా భవనం ముందున్న ఆ గుంతకు మాలో చాలామంది కంటే సర్వీసు ఎక్కువ. ఏటా జూన్ 5 తెల్లవారుజామున, అతిథులు రాకముందే, నిరుడు నాటిన ఎండు పుల్లను అందులోంచి పెరికేయడం నా బాధ్యతల్లో ఒకటి.

ఏటా అదే గుంత, దాదాపు అదే నినాదం అయినప్పుడు సంవత్సరం మీద చిన్న కాగితం అతికించి పాత ఫ్లెక్సీనే కట్టవచ్చు కదా అని కొత్తగా చేరిన గుమాస్తా ఒకరు అమాయకంగా అడిగారు. సంవత్సరానిదేముంది, ఫొటోలు మారవూ? పై వరుసలో ఎవరుండాలి, ఎవరి పక్కన ఎవరుండాలి అన్నది తేలడానికి మాకు మూడు సమావేశాలు పడతాయి; ఏ జాతి మొక్క నాటాలన్నది మాత్రం నర్సరీ వారు ఏది పంపితే అది. ఒక పెద్దమనిషి తల మిగతా తలలకన్నా అరంగుళం చిన్నదిగా పడిందని తమరిని రాత్రికి రాత్రి మళ్లీ అచ్చు వేయించిన సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది.

పైగా విద్యాసంస్థలను తనిఖీ చేసి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు ఏడవ ప్రమాణం కింద మా పర్యావరణ స్పృహకు సాక్ష్యాలు చూపాలి. జియోట్యాగ్ చేసిన ఫొటోలు పెట్టాలి. ఫొటోలో పెద్దలు, వారి వెనుక తమరు, అడుగున తేదీ, అక్షాంశం, రేఖాంశం. ఏటా అక్షాంశ రేఖాంశాలు దశాంశ స్థానాలతో సహా ఒక్కటే రావడాన్ని ఇంతవరకు ఎవరూ గమనించకపోవడం మా పూర్వజన్మ సుకృతం.

తమరి నిగ్రహాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. 2018లో ఈ దినోత్సవానికి మన దేశమే ఆతిథ్యమిచ్చింది, ప్లాస్టిక్ కాలుష్యాన్ని ఓడించాలన్నది ఆ ఏటి నినాదం. దాన్ని తమరి మీదే అచ్చు వేయించి తమరిని రెండు వేపచెట్ల మధ్య కట్టాము. తమరు నవ్వలేదు. 2023లో అదే నినాదం, 2025లో మళ్లీ అదే. ఓడిపోయిన వారినైతే ఇన్నిసార్లు బరిలోకి పిలవరు. చట్టం కూడా తమరినేమీ చేయలేకపోయింది. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో బ్యానర్లు ఉన్న మాట నిజమే గాని, ఆ నిషేధం 100 మైక్రాన్ల కంటే పలుచని వాటికే. తోలుమందం గలవారికి ఇబ్బంది లేదు. ఈ సూత్రం మా ప్రాంగణంలో బ్యానర్లకే కాక ఇతరులకూ వర్తిస్తుంది.

తమరి జాతకం కూడా సామాన్యమైనది కాదు. పాలిస్టర్ నేత మీద పీవీసీ పూత. ఆ పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. నేతను, పూతను విడదీయడం కష్టం కనుక పాత సామాన్లవారు తమరిని ఊరికే ఇచ్చినా తీసుకోరు. మెస్సు వెనుక తగలబెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, డయాక్సిన్లనే విషాలు పుడతాయి. ఈ సంగతులన్నీ నేను తరగతిలో చెబుతాను. పర్యావరణ విద్య డిగ్రీలో తప్పనిసరి అని సుప్రీంకోర్టు ఆదేశించింది కదా. ప్లాస్టిక్ అనర్థాల మీద ప్రశ్న ప్రతి పరీక్షలోనూ వస్తుంది. దానికి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలే తమరి తాళ్లు కడతారు.

మిగతా తొమ్మిది కార్యక్రమాల గురించి ఎక్కువ రాయను. ఓజోన్ దినోత్సవం నాడు సెమినార్ హాలులో, ఓజోన్ పొరకు చేటు చేసే వాయువున్న పాతకాలపు ఏసీలన్నీ ఎంత జోరుగా వేస్తామంటే, అతిథి తనకు కప్పిన శాలువాను నిజంగానే కప్పుకుని కూర్చుంటారు. సైన్సు దినోత్సవం నాడు మాత్రం మనసు కాస్త చివుక్కుమంటుంది. విశాఖపట్నంలో చదువుకున్న పిల్లవాడు సి.వి.రామన్, పెద్దయ్యాక 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రాన్ని చూసి అది నీలంగా ఎందుకుందని ప్రశ్నించుకున్నారు. ఆ దారిన నడిచి 1928 ఫిబ్రవరి 28 నాటికి రామన్ ఫలితాన్ని కనుగొన్నారు. తమరి మీద కూడా వెనుకంతా నీలి సముద్రమే. అది నీలంగా ఎందుకుందని ఎవరూ అడగరు, ముద్రణశాలలో సిరా ఉంది కనుక. రామన్ గారు ఎడమవైపు మూలన తపాలా బిళ్లంత ఉంటారు.

ఇక మా మొక్కల సంగతి. మా తోటమాలి తమరి వంశం మీద నాకు లేని గౌరవం చూపిస్తారు. 2023 నాటి తమరి అన్నగారిని ఆయన నర్సరీ షెడ్డు మీద పరిచారు. ఎండకు, వానకు పెద్దల ముఖాలన్నీ వెలిసిపోయి ‘ఓడిద్దాం’ అనే ఒక్క మాట మిగిలింది. దాని నీడలో ఆయన కానుగ, నేరేడు గింజలు మొలకెత్తించి, చినుకు పడ్డాక, ఎవరినీ పిలవకుండా హాస్టలు వెనుక నాటారు. అవన్నీ బతికే ఉన్నాయి. ఫొటోలు లేనందువల్ల నివేదికలో చేర్చలేకపోయాను.

ఇట్లు,
తమరి తాళ్లు పట్టుకునే విధేయుడు

తా.క.: తోటమాలి గారి కబురు. పోయిన వానలకు షెడ్డు ఒక మూల కారిందట. ఈసారి తమరిని రెండడుగులు ఎక్కువ వేయించమన్నారు. ఫొటోలు ఏ వరుసలో ఉన్నా తనకు అభ్యంతరం లేదట, అంచుల రింగులు మాత్రం గట్టివి కావాలట.