ఏడు ఆకాశాలను వాతావరణంలో ఇరికించకండి

ఈ రంజాన్‌కీ ఆ వాట్సాప్ ఫార్వర్డ్ వచ్చేసింది. రంగురంగుల భూమి బొమ్మ, పక్కన ఏడు ఆకాశాల గురించిన ఖుర్ఆన్ ఆయత్ (వాక్యం), కింద "1400 ఏళ్ల కిందటే చెప్పింది, సైన్స్ ఇప్పుడు కనిపెట్టింది" అని. ఏడు ఆకాశాలంటే వాతావరణంలోని ఏడు పొరలేనట.

ముందు లెక్కే తప్పు. స్కూలు పుస్తకంలో పొరలు ఐదే: ట్రోపో, స్ట్రాటో, మీసో, థర్మో, ఎక్సో ఆవరణాలు. ఏడు చేయడానికి ఓజోన్‌నీ, ఐనో ఆవరణాన్నీ తెచ్చి అతికించారు. ఓజోన్ పొర ఉండేదే స్ట్రాటో ఆవరణంలో! ఇంటినీ, అందులోని వంటగదినీ కలిపి రెండిళ్లు అన్నట్టుంది.

సరే, సైన్స్ పక్కన పెట్టండి. చాలామంది రాత్రి పడుకునే ముందు చదివే ఖుర్ఆన్ అధ్యాయం, సూరా ముల్క్ తీయండి. మూడో ఆయత్‌లో ఒకదానిపై ఒకటిగా ఏడు ఆకాశాలు. ఐదో ఆయత్‌లో, అన్నిటికంటే దగ్గరి ఆకాశాన్ని దీపాలతో అలంకరించామని ఉంది. సూరా సాఫ్ఫాత్‌లో ఇంకా సూటిగా నక్షత్రాలనే ఉంది. బొమ్మ ప్రకారం దగ్గరి ఆకాశం ట్రోపో ఆవరణం. మన ప్రాంతంలో దాని ఎత్తు 16, 17 కిలోమీటర్లు. విమానాలు తిరిగే చోటు. సూర్యుణ్ణి వదిలేస్తే అతి దగ్గరి నక్షత్రమే నాలుగు కాంతి సంవత్సరాల పైన ఉంది. ముహమ్మద్ ప్రవక్త ఆకాశయాత్ర చేసిన మేరాజ్ రాత్రి మూడో ఆకాశంలో పూర్వ ప్రవక్త యూసుఫ్ అలైహిస్సలాంను కలిశారని హదీసు (ప్రవక్త గురించిన ఉల్లేఖనం). ఈ బొమ్మలో మూడోది ఓజోన్. మరి ఏమంటారు?

ఈ మోజు కొత్తది కాదు. భూమే మధ్యలో ఉందన్న టాలెమీ ఖగోళం నడిచిన రోజుల్లో దాని చుట్టూ చంద్రుడు, బుధుడు, శుక్రుడు, సూర్యుడు, కుజుడు, గురుడు, శని అని గోళాలు సరిగ్గా ఏడు. వాటి పైన ఇంకో రెండు గోళాలుండేవి, వాటిని ఖుర్ఆన్‌లోని కుర్సీ (అల్లాహ్ పీఠం), అర్ష్ (సింహాసనం) అన్నవాళ్లూ ఉన్నారు. ఎంత బాగా కుదిరిందో! 1543లో సూర్యుడే మధ్యలో అన్న కోపర్నికస్ పుస్తకం వచ్చింది, 1781లో యురేనస్ దొరికింది, ఆ అమరిక పోయింది. ఆయత్ మాత్రం అలాగే ఉంది. శాస్త్రాలన్నిటినీ ఖుర్ఆన్‌లో వెతకడం హద్దు మీరడమేనని 14వ శతాబ్దంలోనే గ్రనడా పండితుడు షాతిబీ అన్నాడు.

మనకు కనిపించే విశ్వమంతా మొదటి ఆకాశమే అనేవాళ్లున్నారు. అది కనీసం ఆయత్‌తో గొడవ పడదు. కానీ మిగతా ఆరింటిని ఏ టెలిస్కోపూ చూపించదు. అది గైబ్, మనకు కనపడని లోకం. నమ్ముతాను, అంతే. దానికి సైన్స్ ముద్ర నాకెందుకు?

గ్రూపులో ఇదే అంటే ఒకాయన "భాయ్, ఈమాన్ (విశ్వాసం) పెంచే పోస్టులో తప్పులెతుకుతావేంటి?" అన్నాడు. ఇంటర్ చదివే పిల్లాడు రెండు నిమిషాల్లో ఓజోన్ సంగతి చూసుకుంటాడు. అప్పుడు వాడు అనుమానించేది ఫార్వర్డ్ చేసినవాణ్ణి కాదు భాయ్, ఆయత్‌ని.