మాజీ భార్యకు ప్రేమాభిమానాలతో

కోర్టులో ఇద్దరం బుద్ధిమంతుల్లా ఒప్పుకున్నాం, కర్నూలులో ఉన్న ఇల్లు ఆమెకు, స్కూటరు నాకు. ఇంటి మీద ఇంకా పదకొండేళ్ల లోను ఉందన్న సంగతి ఆ విడిపోయే సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు.

బ్యాంకుకి కలిసే వెళ్లాం. లోను ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి తప్పదు. మేనేజరు "రండమ్మా, ఇట్ల భార్యాభర్తలు కలిసి వస్తే మాకూ పని సులువు" అని కుర్చీలు చూపించాడు. సంగతి చెప్పాక ఆ నవ్వు కొంచెం వాడింది. "ఇల్లు ఎవరి పేరున రాసుకున్నా అప్పు ఇద్దరిదే సార్. ఈఎంఐ ఆగితే ఇద్దరి సిబిల్ స్కోరూ పోతాది." నా పేరు తీయాలంటే ఆమె జీతం ఒక్కటే ఈఎంఐకి సరిపోవాలట, అప్పుడే కొత్తగా అగ్రిమెంటు, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ. అప్పటిదాకా ఒరిజినల్ దస్తావేజులు వాళ్ల దగ్గరే. ఆమె ప్రైవేటు స్కూలు జీతం చీటీ చూసి "ఇంకెవరినైనా జత చేసుకోవాలమ్మా" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

1953లో వచ్చిన రాజధానే మూడేళ్లకు మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్లిపోయిన ఊరు మాది, నా పేరు మాత్రం ఒక్క కాగితం మీంచి కదలనంటోంది.

సరే, ఎన్ఓసీ వచ్చేలోపు ఇంట్లో నా సగం ఆమెకు రాసిచ్చే దస్తావేజు డ్రాఫ్టు అయినా సిద్ధం చేయిద్దామని రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర రైటర్ని పట్టుకున్నాం. పాపం చాలా చురుకైన మనిషి, మేం పూర్తిగా చెప్పేలోపే టైపు చేసేసి, చెట్టు కింద కూర్చున్న పదిమందికీ వినపడేలా చదవడం మొదలుపెట్టాడు: "నా భార్యవైన నీయందు నాకు గల ప్రేమాభిమానములచేత, నీ సుఖజీవనము కోరి, నా సగభాగమును..."

ఆమె చున్నీ మూతికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలీలేదు. తర్వాత తెలిసింది నవ్వే. "ఏడేళ్ల కాపురంలో ఈ ముక్క ఒక్కసారి అనలేదండీ ఈయన. రైటర్‌కి డబ్బులిస్తే గానీ రాలేదు చూడండి."

"విడాకులైనాయి అన్నా, ఆ ముక్క తీసెయ్" అన్నాను. రైటర్ టైపు ఆపి, నన్ను జాలిగా చూశాడు. "అయ్యో, ముందే రాసింటే పోయేది గదప్పా! పెళ్లానికి రాస్తే స్టాంపు డ్యూటీ తక్కువ. ఇప్పుడామె బయటి మనిషి, ఎక్కువ పడతాది." చెట్టు కింద ఒక పెద్దాయన "అంతే మరి, రాసినాక విడిపోవాల" అని తల ఊపాడు. ఇంత మంచి సలహా లాయరు ఒక్కడైనా ఇచ్చాడా?

ఎన్ఓసీ ఇంకా రాలేదు. లోనులో ఆమెకు జతగా వాళ్ల తమ్ముడు వస్తానన్నాడు, బ్యాంకు వాళ్లు అతని కాగితాలు చూసి గ్యారంటీకి ఇంకొకరు కావాలన్నారట. రెండేళ్లుగా నేను ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు, నిన్న రాత్రి తొమ్మిదింటికి ఫోను చేశాడు.

"బావా, తిన్నావా?"